ఆరు గంటల గేటు

"ఏడు దాటినంక ఇంటికి వచ్చేటందుకు ఇదేమన్న హాస్టలా?" అన్నది ప్రేమమ్మ ముందురోజు సాయంత్రం, కోడలు ఇంకా చెప్పులైనా విప్పకముందే. ఎవాంజెలిన్‌కు నవ్వొచ్చింది గానీ పంటిబిగువున ఆపుకుంది. హాస్టల్లో ఆడపిల్లలకు గేటు ఏడుకు కాదు, ఆరుకే పడుతుందని అత్తకు ఎవరు చెప్పాలి? ఆ తాళం దగ్గరుండి వేయించే వార్డెనమ్మ తన కోడలేనని ఎవరు గుర్తు చేయాలి?

తెల్లవారి చపాతీపిండి కలుపుతుంటే మళ్లీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఆ ఇంట్లో రోజూ రాత్రి ఏడున్నరకు కుటుంబ ప్రార్థన. పెళ్లయిన కొత్తలో కరుణ్ ఎంతో మెత్తగా చెప్పాడు: "నువ్వు లేకుంటె ప్రార్థన మొదలు కాదు ఎవా. అమ్మకు నువ్వంటే గంత ప్రాణం." ఆ ప్రాణం సంగతేమిటో తెలుసుకోవడానికి ఆమెకు ఎక్కువ కాలం పట్టలేదు. ఒకసారి జ్వరంతో ముసుగుతన్ని పడుకుంటే ప్రార్థన నిక్షేపంగా జరిగిపోయింది. ఆగిపోయినవి చపాతీలు. ఆమెన్ అన్న మరుక్షణం పళ్లెంలో పడవలసినవి పడకపోయేసరికి తల్లీ కొడుకూ ఇద్దరూ ఆమె మంచం దగ్గరికి వచ్చి, జ్వరం ఎప్పుడు తగ్గుతుందని, పాపం, చాలా ఆదుర్దాగా అడిగారు. కరుణ్ చెడ్డవాడేం కాదు. ఎయిర్‌పోర్టులో కార్గో సెక్షన్‌లో పని. ఏ పెట్టె ఏ విమానం ఎక్కాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. తన ఇంటి వంటగదిలో పప్పుడబ్బా ఎక్కడుందో మాత్రం భార్యను లేపి అడుగుతాడు.

"ఇయ్యాల కమిటీ వస్తున్నది. జర ఆలస్యమైతదేమో," అన్నది ఎవాంజెలిన్, అతని డబ్బా మూత బిగిస్తూ.

"ఏ కమిటీ?"

"చెప్పిన గద. కాలేజీలకు ర్యాంకులిచ్చేటోల్లు."

కరుణ్ ఆమె కట్టుకున్న పట్టుచీరను కిందికీ మీదికీ చూశాడు. "ర్యాంకు చదువుకా, చీరలకా?" అని నవ్వాడు. అంతలోనే నవ్వు మాని, "ఆలస్యమంటే ఎంత? ఏడు లోపల వచ్చెయ్. అమ్మ షుగర్ మనిషి," అన్నాడు.

చీర విషయంలో అతడన్నది అక్షరాలా నిజం. శంషాబాద్ దాటి బెంగుళూరు రోడ్డున పోతే షాద్‌నగర్ రాకముందే ఆ ఇంజనీరింగ్ కాలేజీ వస్తుంది. విమానాలు అంత కిందుగా పోతుంటాయి కాబట్టి అక్కడ పాఠం చెప్పేవాళ్లు మాట మధ్యలో ఆగి, చప్పుడు పోయాక అదే మాట నుంచి మళ్లీ అందుకుంటారు. ఎవాంజెలిన్ ఎలక్ట్రానిక్స్ చెబుతుంది, డాక్టరేట్ ఉంది. అయినా పైనుంచి ఎవరొచ్చినా లేడీ లెక్చరర్లందరూ ఒకే రంగు పట్టుచీరలు కట్టుకుని గేటు దగ్గర వరుసగా నిలబడడం ఆ కాలేజీ ఆచారం. దానికి స్వాగత కమిటీ అని పేరు. అందులో చేరడానికి డిగ్రీలు అక్కర్లేదు, చీర ఉంటే చాలు. ఒకరి చేతిలో కుంకుమభరిణె, ఇంకొకరి చేతిలో పన్నీరుబుడ్డి. ఎవాంజెలిన్ బొట్టు పెట్టుకోదు కాబట్టి, ఆమె మతాన్ని ఎంతో గౌరవించి, గులాబీల పళ్లెం ఇచ్చారు.

మగవాళ్ల పేర్లన్నీ ప్రెజెంటేషన్ కమిటీలో ఉన్నాయి. ర్యాంకు కోసం పంపిన దరఖాస్తు మొత్తం, సెలవుల్లో కూడా ఇంటికి మోసుకుపోయి రాసింది ఎవాంజెలిన్. దాన్ని తెర మీద చూపించి చెప్పబోయేది ఆమె కంటే ఎంతో వెనక చేరిన నవీన్‌కుమార్. "మేడం, జర ఈ గ్రాఫ్ ఏందో ఒక్కసారి చెప్పుండ్రి. వాల్లు అడిగితే ఇజ్జత్ పోతది," అని పొద్దున్నే పట్టుకున్నాడు. గులాబీల పళ్లెం చేతిలో పెట్టుకునే విడమరిచి చెప్పింది. చెబుతూ తన మీద తనకే కోపం వచ్చింది. అయినా చెప్పింది.

దరఖాస్తులో ఒక చోట, గ్రంథాలయం రాత్రి పదకొండు దాకా విద్యార్థులందరికీ తెరిచి ఉంటుందని ఉంది. అది ప్రిన్సిపాల్ నరేందర్ చెప్పి రాయించిన వాక్యం. "అందరికీ అంటే ఆడపిల్లలకు గూడనా సార్?" అని ఆమె అప్పుడే అడిగింది. "వాల్లకు పొద్దంత తెరిచే ఉంటది గద మేడం," అన్నాడాయన. అంతకుముందూ ఆ సంగతి ఎన్నోసార్లు అడిగింది. సాయంత్రం ఆరుకు హాస్టల్ గేటు పడితే ఆడపిల్లలకు లైబ్రరీ ఎలా అందుతుంది, క్లాసులు అయ్యేదే అయిదు కదా అని. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "ఆడపిల్లలు మేడం. పేరెంట్స్ ఏమంటరు? మీరూ ఒక తల్లే గద." ఎవాంజెలిన్‌కు పిల్లలు లేరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ఆడమనిషి నోరు మూయించడానికి అంతకంటే సులువైన మాట ఆయనకు దొరకలేదు.

కమిటీ పొద్దునే దిగాలి. ఢిల్లీలో పొగమంచు పట్టి విమానం కదల్లేదని కబురు వచ్చింది. స్వాగత కమిటీ గేటు దగ్గరే నిలబడి, ఆ తర్వాత కూర్చుని, ఆ తర్వాత గోడకు చేరగిలబడింది. గులాబీలు వాడిపోయాయి. మధ్యాహ్నం దాటాక ఇంకో కబురు: సాయంత్రానికి దిగుతున్నారు, రాత్రికే తిరుగు ప్రయాణం, ప్రెజెంటేషన్ తర్వాత చూస్తాం, ముందు లైబ్రరీ చూపించండి అన్నారు. నరేందర్ ముఖంలో రంగులు మారాయి. వాళ్లు వచ్చేసరికి చీకటి పడుతుంది. చీకటి పడ్డాక ఆ లైబ్రరీలో ఆడ ఈగ కూడా వాలదు.

అప్పుడు ఆయనకు గులాబీల పళ్లెంతో ఉన్న వార్డెన్ గుర్తొచ్చింది. "మేడం, ప్లీజ్. ఇయ్యాల ఒక్కరోజు మీ పిల్లలను లైబ్రరీకి పట్టుకరండి. ఒక గంట కూసుంటే చాలు. ఇంగ్లీషు మంచిగ మాట్లాడేటోల్లను ముందు పెట్టండి. వాల్లు పోంగనే మల్ల హాస్టల్‌కు తోలుకపోవచ్చు."

తోలుకుపోవచ్చు అన్న మాట ఎవాంజెలిన్‌కు సూటిగా గుచ్చుకుంది. సరే సార్ అని హాస్టల్ వైపు నడిచింది. కాళ్లు ముందుకు పోతున్నాయి, మనసు మాత్రం వెనక్కి, తను చదువుకున్న హాస్టల్లోకి పోయింది.

హాస్టల్ అనగానే అందరికీ నీళ్ల సాంబారూ నల్లుల మంచమూ గుర్తొస్తాయి. ఎవాంజెలిన్‌కు మాత్రం అది తన జీవితంలో కూర్చుని తిన్న కాలం. పుట్టింట్లో పెద్దకూతురు కాబట్టి లంగావోణీ వయసుకే తమ్ముళ్లకు వండిపెట్టింది. పెళ్లయ్యాక వండిపెట్టడం ఎలాగూ ఆగదు. మధ్యలో ఆ సికింద్రాబాద్ హాస్టల్ రోజుల్లోనే "ఇయ్యాల కూర ఏంది?" అని ఆమె ఒకరిని అడగగలిగింది. కూర బాగా లేదని మూతి ముడుచుకునే సుఖం కూడా అక్కడే తెలిసింది. ఎర్ర పెయింటుతో తన పేరు రాసుకున్న బకెట్టు, తనొక్కతే పడుకునే ఇనపమంచం, తలుపు వేసుకుంటే ఎవరూ ఎందుకు వేసుకున్నావని అడగని గది. స్నేహితురాలు జెన్నిఫర్‌ది పక్క మంచం. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, నవ్వు బయటికి వినపడకుండా దిండు కరుచుకున్న రోజులు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు తేలికవుతుంది.

ఒక్కటే ముల్లు. అక్కడా ఆరుకే గేటు. కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ మీద లైబ్రరీ దీపాలు వెలుగుతూ కనబడేవి. పరీక్షలకు కావలసిన పెద్ద పుస్తకం లైబ్రరీ మొత్తానికి ఒకటే, బయటికి ఇవ్వరు. మగపిల్లలు అన్నం తిని, స్నానం చేసి, తీరిగ్గా పోయి దాన్ని ముందేసుకుని కూర్చునేవాళ్లు. వీళ్లిద్దరూ భోజనం మానుకుని మధ్యాహ్నం కాసేపు దాని పేజీలు తిరగేసేవాళ్లు. ఆ ఏడాది మొదటి ర్యాంకు ఎవరికో వచ్చింది, జెన్నిఫర్‌కు రాలేదు. "వానికి తెలివి ఎక్కువ లేదే, టైము ఎక్కువుంది," అన్నది జెన్నిఫర్. ఏడవలేదు. ఆ మాట అంటూ బకెట్టు తీసుకుని నీళ్లకు పోయింది. ఇన్ని ర్యాంకుల పట్టికలు నింపింది గదా ఎవాంజెలిన్, ఎన్ని కుర్చీలు, ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని పరిశోధన పత్రాలు అని. ఆడపిల్లలకు రోజుకు ఎంత చదువు తక్కువ పడుతోందని ఏ పట్టికా అడగలేదు.

హాస్టల్లో పిల్లలు చుట్టూ మూగారు. సంగతి విని మంజుల ముందుకు వచ్చింది. కందుకూరు దగ్గర టమాటాలు పండించే శివయ్య బిడ్డ. మూడో సంవత్సరం, క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అడుగుతుంది.

"ఇయ్యాల ఒక్క దినమేనా మేడం? వాల్లు పోంగనే మల్ల లోపలికేనా?"

ఎవాంజెలిన్ గదుల వైపు చెయ్యి చూపించింది. "ముందు పుస్తకాలు తీసుకోండి. చూపించుకునేటందుకు కాదు, నిజంగ చదివేవి తీసుకోండి," అన్నది.

ఆడపిల్లల గుంపు లోపలికి వచ్చేసరికి లైబ్రరీలో ఉన్న మగపిల్లలు బిత్తరపోయారు. ఒకడు బస్సులో లేచినట్టు లేచి సీటు ఇచ్చాడు. ఆడపిల్లలు మొదట్లో గుసగుసలాడారు. కిటికీ పక్క బల్ల కోసం పోటీ పడ్డారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తల వంచారు. కాసేపటికి పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేదు. నటించమని కూర్చోబెట్టిన పిల్లలు నటించడం మరిచిపోయారు. పళ్లెం ఎక్కడో వదిలేసి స్తంభం పక్కన నిలబడి చూస్తున్న ఎవాంజెలిన్‌కు ఇంతే కదా అనిపించింది. ఇంత చిన్న సంగతికా ఇన్నేళ్లు?

కమిటీ వచ్చింది. కమిటీకి పెద్దగా వచ్చినావిడది నెరిసిన పొట్టిజుట్టు, నూలుచీర, కాళ్లకు బూట్లు. నరేందర్ చూపిస్తున్న కొత్త కంప్యూటర్లను దాటుకుని ఆమె తిన్నగా మంజుల బల్ల దగ్గర ఆగింది. ఏం చదువుతున్నావని ఇంగ్లీషులో అడిగింది. మంజుల చెప్పింది. రోజూ సాయంత్రం ఇక్కడికి వస్తావా అని అడిగింది.

మంజుల ప్రిన్సిపాల్‌ను చూడలేదు. స్తంభం పక్కనున్న ఎవాంజెలిన్ వైపు చూసింది. ఆ పిల్ల అబద్ధం చెప్పమంటే చెప్పేది. ఎవాంజెలిన్ తల అడ్డంగానూ ఆడించలేదు, నిలువుగానూ ఆడించలేదు. నీ ఇష్టం అన్నట్టు చూసింది.

"ఈ రోజు నుంచి మేడం," అన్నది మంజుల.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ప్రిన్సిపాల్ వైపు తిరిగి, ఇది కొత్తగా మొదలుపెట్టారా అని అడిగింది. నరేందర్ ముఖాన చిరుచెమట. కాదంటే మంజుల అబద్ధమాడినట్టు, అవునంటే తాను ఇరుక్కున్నట్టు. ఎంతైనా ప్రిన్సిపాల్, తొందరగా తేరుకున్నాడు. "అవును మేడం. ఈ రోజు నుంచే. పదకొండు దాకా," అన్నాడు. చాలా సంతోషం, ఇది నా రిపోర్టులో ప్రత్యేకంగా రాస్తాను అని ఆవిడ తన ఫోన్లోనే పిల్లల ఫోటో తీసుకుంది. ఆ తర్వాత నవీన్‌కుమార్ గ్రాఫులు చూడ్డానికి అందరూ సెమినార్ హాలుకు పోయారు. టీ కప్పులు సర్దడానికి స్వాగత కమిటీని పిలిచారు. ఎవాంజెలిన్ పోలేదు.

కార్లను సాగనంపి నరేందర్ నవ్వు ముఖంతో లైబ్రరీకి తిరిగొచ్చాడు. "బ్రహ్మాండంగ అయింది మేడం. ఇగ తోలుకపోండి."

ఒక్క పిల్లా లేవలేదు. అందరూ ఎవాంజెలిన్‌నే చూస్తున్నారు. ఆమె పొద్దున్నుంచీ నిలబడే ఉంది. కాళ్లు పీకుతున్నాయి. మంజుల పక్కనున్న కుర్చీ లాక్కుని, పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుని, కూర్చుంది.

"మీరే చెప్పిండ్రు గద సార్, ఈ రోజు నుంచి పదకొండు దాకా అని. ఈ రోజు ఇంకా అయిపోలే."

"మేడం, అది కమిటీ ముందు అన్న మాట. మీకు తెల్వదా? రేపు పేరెంట్స్ అడిగితే ఎవరు జవాబు చెప్పాలె?"

"ఇప్పుడే అడుగుదం సార్." ఎవాంజెలిన్ మంజుల వైపు తిరిగింది. "మీ బాపుకు ఫోన్ కలుపు. స్పీకర్ల పెట్టు."

శివయ్య గొంతు లైబ్రరీ అంతా వినపడేంత పెద్దది. ఎవాంజెలిన్ సంగతి చెప్పింది. సాయంత్రం పూట మంజుల లైబ్రరీలో చదువుకుంటే, తాము తోడుండి తిరిగి హాస్టల్లో దింపితే, ఆయనకేమైనా అభ్యంతరమా అని అడిగింది.

"మరి ఇన్నొద్దులు ఏడ సదువుకుంటున్నది మేడం?" అన్నాడు శివయ్య. "నేను పంపిందే సదువుకు గద. పొద్దుగూకంగనే రూముల ఏసి తాళం ఏసేదైతే, గా పని మా ఇంట్లనే జేద్దును. గింత ఫీజు ఎందుకు కడుదు?"

ఎక్కడో ఒక పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. మగపిల్లలు కూడా నవ్వారు. నరేందర్ నవ్వలేదు. గొంతు తగ్గించి, "గిట్లయితే వార్డెన్ డ్యూటీ నుంచి మిమ్మల్ని తీసెయ్యాల్సి వస్తది," అన్నాడు.

ఈ మాట పొద్దున విని ఉంటే ఎవాంజెలిన్ గుండె జారిపోయేది. ఇప్పుడు ఆ బెదిరింపు ఎంత డొల్లగా ఉందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. "తీసెయ్యండి సార్. జీతం లేని పనే గద, ఆడదాన్నని నెత్తిన పెట్టింది. కొత్తగ వచ్చేటామెకు ఇయ్యాల జరిగింది మొత్తం చెప్పి తాళంచెవి ఇస్త. ఢిల్లీ మేడం రిపోర్టుల రాస్తనన్నది గూడ చెప్త." ఆయన ఏదో అర్జెంటు ఫోన్ వచ్చినవాడిలా జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఫోన్ మోగలేదని అందరికీ తెలుసు.

నిజంగా మోగింది ఎవాంజెలిన్ ఫోను. కరుణ్.

"ఏడ ఉన్నవ్? అమ్మ ప్రార్థనకు కూసున్నది."

"చేసుకోండ్రి. నేను ఇయ్యాల హాస్టల్లనే పండుకుంట. పిల్లలను లైబ్రరీ నుంచి దింపేసరికి పదకొండు దాటుతది."

"హాస్టల్లనా? మరి మాకు అన్నం?"

"బియ్యం డబ్బా పొయ్యి కింద ఉంటది. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు."

"అమ్మకేం చెప్పాలె ఎవా?"

"వార్డెన్ హాస్టల్లనే ఉంటదని చెప్పు."

ఫోన్ పెట్టేసి కుర్చీ బల్లకు దగ్గరగా జరుపుకుంది. మంజుల ఏదో లెక్క అడిగింది. కాయితం తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో విమానం పోతే ఇద్దరూ ఆగారు. అది పోయాక అందుకున్నారు. లైబ్రరీ మూశాక తిరిగొస్తుంటే పిల్లలు రోడ్డు అంచున ఒదిగి నడవలేదు, నడిమధ్యన నడిచారు. ఆమె కూడా వాళ్లతోనే నడిచింది. వార్డెన్ గదిలో ఇనపమంచం మీద పేర్చిన పాత పరుపుల్లో ఒకటి ఉంచి మిగతావి కింద పడేసి, చాన్నాళ్ల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

పొద్దున మెస్సులో దుర్గవ్వ పొగలు కక్కే ఉప్మా పళ్లెంలో వేసి, "ఎట్లున్నది మేడం?" అని అడిగింది. "ఉప్పు జర తక్కువైంది దుర్గవ్వా," అన్నది ఎవాంజెలిన్, ఎంతో తృప్తిగా. తింటుండగానే స్వాగత కమిటీలోని ఇద్దరు మేడమ్‌లు వెతుక్కుంటూ వచ్చారు. వారంలో చెరి రెండు రోజులు మేము ఉంటాం, మిగతా రోజులు మీరు చూసుకోండి అన్నారు. వాళ్ల ఇళ్లలో ఏమన్నారని ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కరుణ్ ఫోన్ చేసి అన్నం మాడిందని చెప్పాడు. ఇక రోజూ ఇట్లాగేనా అని అడిగాడు. రోజూ కాదు, మూడు రోజులు అన్నది. అతడు ఊఁ అన్నాడు. ఆ ఊఁలో కోపం ఉందో లేదో వినడానికి ఆమె చెవి ఒగ్గలేదు.

ఆ సాయంత్రం ఆరవుతుండగా వాచ్‌మన్ మొగులయ్య ఎప్పటిలాగే తాళం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. లోపల పిల్లలు పుస్తకాలు గుండెకు ఆనించుకుని బయటికి వస్తున్నారు, ఎవాంజెలిన్ వాళ్ల ముందు. మామూలు నూలుచీర కట్టుకుంది. మొగులయ్య అయోమయంగా చూశాడు.

"ఇయ్యాల గూడ పెద్ద కమిటోల్లు వస్తున్నరా మేడం?"

"వచ్చిండ్రు మొగులన్నా," అన్నది ఎవాంజెలిన్, వెనక్కి తిరిగి పిల్లల్ని చూపిస్తూ. "అగో, లైబ్రరీకి పోతున్నరు. గేటు తియ్యి."